సైరన్ మోగాక సారెవరు?

రాత్రి రెండు దాటింది. సి షిఫ్టు నడుస్తోంది. ఏ ఊరి కర్మాగారమో అక్కర్లేదు, ఒకటి ఊహించుకుందాం. టొలీన్ పంపు దగ్గర గ్యాస్కెట్ పోయి సాల్వెంటు కారుతోంది. పెయింట్ల షాపులో వచ్చే తిన్నర్ లాంటి ఘాటు వాసన ముందుగా ఫీల్డ్ ఆపరేటర్‌కు తగిలింది. వాకీటాకీ అందుకున్నాడు. "అన్నా, పంప్ హౌస్ దగ్గర లీకు. గట్టిగానే కారుతోంది."

ఆ మాట కంట్రోల్ రూమ్‌లో కూర్చున్న కుర్రాడు విన్నాడు. షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ విన్నాడు. మెయింటెనెన్స్ వాళ్లు విన్నారు. గేటు దగ్గరి సెక్యూరిటీ గార్డూ విన్నాడు.

"సైరన్ కొట్టమంటారా సార్?" అని అడిగాడు గార్డు.

"ఆగు, సార్‌ని అడిగి చెప్తాను," అన్నాడు షిఫ్ట్ ఇన్‌ఛార్జ్.

సార్ అంటే ప్లాంటు మేనేజరు. ఆయన ఊళ్లో, ఇంట్లో, మంచి నిద్రలో ఉన్నారు. మొదటిసారి ఫోను మోగి మోగి ఆగిపోయింది. రెండోసారీ అంతే. ఈలోగా టొలీన్ ఆవిరి తన పని తాను చేసుకుపోతోంది. అది గాలికన్నా బరువు, పైకి పోదు. నేలబారున పాకుతూ, కాలువల్లోకి, గుంటల్లోకి దిగుతూ, ఎక్కడ నిప్పురవ్వ దొరుకుతుందా అన్నట్టు వెళ్తుంది.

పదిమందిలో పాము చావదని సామెత. ఆ పదిమందీ చేతకానివాళ్లని కాదు. కర్ర ఎవరు పట్టుకోవాలో ముందే తేలకపోతే ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడతారు. అది ముందే తేల్చిపెట్టుకునే పద్ధతికే ఇన్సిడెంట్ కమాండ్ సిస్టమ్ అని పేరు. పొట్టిగా ఐసీఎస్. ప్రమాదం జరిగిన క్షణం నుంచి అక్కడ ఎవరి మాట చెల్లుతుంది, ఎవరు ఏ పని చేస్తారు, ఎవరు ఎవరికి జవాబు చెబుతారు అన్నది దేశం మారినా, కంపెనీ మారినా ఒకే అచ్చులో ఉండేలా కూర్చిన ఏర్పాటు ఇది.

అడవి మంటల్లో పుట్టింది

ఈ పద్ధతి ఏ ఫ్యాక్టరీలోనూ పుట్టలేదు, అమెరికాలోని కాలిఫోర్నియా అడవుల్లో పుట్టింది. 1970 సెప్టెంబరు చివర అక్కడ చెలరేగిన కార్చిచ్చులు 13 రోజుల పాటు ఆరలేదు. 16 మంది చనిపోయారు. 700కు పైగా ఇళ్లు, కట్టడాలు బూడిదయ్యాయి. 5 లక్షల ఎకరాలకు పైగా నేల మాడిపోయింది.

మంటలు ఆరాక, ఎక్కడ పొరపాటు జరిగిందని వెతికారు. ఆర్పడానికి వచ్చినవాళ్లలో ధైర్యానికి లోటు లేదు. లోటంతా పొందికలో ఉంది. అటవీ శాఖ, రాష్ట్ర అగ్నిమాపక శాఖ, కౌంటీలు, పట్టణాలు ఎవరి సిబ్బందితో వాళ్లు వచ్చారు. ఒకరి రేడియో ఇంకొకరికి వినపడదు. వినపడినా ఒక శాఖ వాడే మాటకు ఇంకో శాఖలో అర్థం వేరు. ఒకే అధికారికి పాతికమంది రిపోర్టు చేస్తున్నారు, ఒకే సిబ్బందికి ఇద్దరు ముగ్గురు ఆజ్ఞలిస్తున్నారు. ఎవరికి వారే యమునా తీరే.

దాంతో ఆ శాఖలన్నీ కలిసి 'ఫైర్‌స్కోప్' అనే ఉమ్మడి కార్యక్రమం మొదలుపెట్టాయి. 1970ల్లో అందులోంచి వచ్చిందే ఐసీఎస్. ఆ తర్వాత అమెరికాలో ప్రమాదకర రసాయనాలతో పనిచేసేవాళ్ల అత్యవసర నిబంధనల్లోకి అది చేరింది. 2004లో వచ్చిన జాతీయ సంఘటన నిర్వహణ వ్యవస్థలో భాగమై దేశమంతటికీ ఒకే పద్ధతి అయింది. మన దేశంలో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010 జులైలో దీన్నే మన పాలనకు తగ్గట్టు మలిచి, 'ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టమ్' పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది. పొట్టిగా ఐఆర్ఎస్. ఆదాయపన్ను అధికారుల ఐఆర్ఎస్‌కూ దీనికీ సంబంధం లేదు.

పెళ్లింటి లెక్క

పేర్లు ఇంగ్లీషులో ఉన్నాయి కాబట్టి కొత్తగా కనిపిస్తుంది కానీ, ఇందులోని అమరిక మనకు తెలియనిది కాదు. బాగా జరిగిన పెళ్లిని ఒకసారి గుర్తు చేసుకోండి.

పెళ్లిపెద్ద ఒకరే ఉంటారు. తుది మాట ఆయనది. గాడిపొయ్యి దగ్గర వంట మేస్త్రి. మంటలో చెయ్యి పెట్టేది, చెమటోడ్చేది అక్కడే. ఏ వేళకు ఏం జరగాలో, ముహూర్తానికి ఎంత టైముందో, రాత్రి భోజనాలకు ఎన్ని విస్తర్లు లేస్తాయో లెక్క చూసుకుంటూ ఒకరుంటారు. సామాన్ల గది తాళం ఒక మేనమామ నడుముకు ఉంటుంది. నూనె డబ్బా కావాలన్నా, ఇంకో పది కుర్చీలు తెప్పించాలన్నా ఆయన్నే అడగాలి. డబ్బు సంచీ ఇంకొకరి చంకలో. ఇవి కాక, మగపెళ్లివారి విడిదికి వెళ్లి మాట్లాడే మనిషి ఒకరే ఉంటారు. అక్కడికి నలుగురు వెళ్లి నాలుగు మాటలు చెబితే ఏమవుతుందో అందరికీ తెలుసు.

ఐసీఎస్ చెప్పేదీ ఇదే. పెళ్లిపెద్ద స్థానంలో ఇన్సిడెంట్ కమాండర్. ఆయన కింద ఆపరేషన్స్, అంటే లీకు ఆపేవాళ్లు, మంట ఆర్పేవాళ్లు, గాయపడినవాళ్లను బయటికి తెచ్చేవాళ్లు. ప్లానింగ్ అంటే ఇప్పుడు ఏం జరుగుతోంది, గంట తర్వాత ఏం కావచ్చు అని లెక్కగట్టేవాళ్లు. లాజిస్టిక్స్ అంటే ఫోము, గాలి సిలిండర్లు, అంబులెన్సు, ఆ తెల్లవారుజామున సిబ్బందికి మంచినీళ్లు, టీ సమకూర్చేవాళ్లు. అమెరికా పద్ధతిలో ఖర్చులకు ఫైనాన్స్ అని వేరే విభాగం ఉంది. మన ఐఆర్ఎస్‌లో దాన్ని లాజిస్టిక్స్‌లోనే ఒక శాఖగా కలిపేశారు.

వీళ్లు కాక కమాండర్ పక్కనే నేరుగా ముగ్గురుంటారు. బయటి శాఖలతో మాట్లాడే లయజాన్ అధికారి ఒకరు. పత్రికలకు, చుట్టుపక్కల జనానికి సమాచారం ఇచ్చే అధికారి ఇంకొకరు. మూడో మనిషి సేఫ్టీ అధికారి. లోపలికి వెళ్లిన సిబ్బంది ప్రాణాలకు ముప్పు కనిపిస్తే పని ఆపించే అధికారం ఆయనకు ఉంటుంది.

ఇంతమందిని ఎక్కడినుంచి తేవాలని చిన్న యూనిట్ల యజమానులు అడుగుతారు. తేనక్కర్లేదు. ఇవి పనుల పేర్లు, మనుషుల లెక్క కాదు. రాత్రి షిఫ్టులో ఎనిమిదిమందే ఉంటే, షిఫ్ట్ ఇన్‌ఛార్జే కమాండరు, ప్లానింగూ ఆయనే. ఇద్దరు ఆపరేటర్లు ఆపరేషన్స్. గార్డు లాజిస్టిక్స్, లయజాన్ రెండూ. మనుషులు వచ్చేకొద్దీ ఒక్కో టోపీ తీసి ఒక్కొక్కరికి ఇస్తూ పోతారు. ఒక మనిషి కింద ముగ్గురి నుంచి ఏడుగురి దాకానే ఉండాలి, అయిదుగురైతే మేలు. అంతకు మించితే మధ్యలో ఇంకొకరిని నిలబెట్టాలి. హడావిడిలో ఏడుగురికి మించి చెప్పేది ఎవరి చెవికీ ఎక్కదు.

కుర్చీ వేరు, కమాండ్ వేరు

ఈ పద్ధతిలో మనవాళ్లకు మింగుడుపడని సంగతి ఒకటుంది. కమాండర్ అంటే కంపెనీలో పెద్ద జీతగాడు కాదు. అక్కడికి ముందు చేరిన, ఆ పనికి తర్ఫీదు పొందిన మనిషి. అతను షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ అయితే, ఆ క్షణంలో ఆ ఆవరణ మొత్తానికి అతనే పెద్ద.

కాసేపటికి ప్లాంటు మేనేజరు కారు గేటు దాటి వస్తుంది. ఆయన దిగగానే కమాండ్ దానంతట అది ఆయన చేతికి పోదు. ముందు షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ ఉన్న స్థితి చెప్పాలి. ఏం కారుతోంది, గాలి ఎటు వీస్తోంది, లోపల ఎవరున్నారు, ఇప్పటిదాకా ఏం చేశాం, ఇంకా ఏం కావాలి. ఈ అప్పగింతకు ఐఆర్ఎస్‌లో ఒకటో నంబరు ఫారమే ఉంది. అందులో జాగా బొమ్మ కూడా గీసివ్వాలి. అది విన్నాక మేనేజరు "ఇక నేను చూసుకుంటాను" అని నోటితో అనాలి. ఆ మాట రేడియోలో అందరికీ వినపడాలి. లేదా "నువ్వే నడిపించు, నేను పక్కనుంటాను" అన్నా సరే. అనకూడనిది ఒక్కటే. ఏమీ చెప్పకుండా వచ్చి, మధ్యలో నిలబడి, ఆపరేటర్‌ను పిలిచి "ఆ వాల్వ్ మూసెయ్" అనడం. అప్పుడు ఆపరేటర్‌కు ఇద్దరు సార్లవుతారు. ఇద్దరు సార్లున్న చోట ఒక వాల్వ్ రెండుసార్లు మూస్తారు, ఇంకో వాల్వ్‌ను ఎవరూ ముట్టుకోరు.

అధికారం కింది మనిషి చేతిలో లేకపోతే ఏమవుతుందో 1988 జులై 6న ఉత్తర సముద్రంలో లోకం చూసింది. బ్రిటన్ జలాల్లోని పైపర్ ఆల్ఫా చమురు వేదిక మీద మంటలు రేగాయి. దానికి పైపులతో కలిసి ఉన్న పక్క వేదికల నుంచి ఆ తర్వాత కూడా చమురు, గ్యాస్ వస్తూనే ఉన్నాయి. ఉత్పత్తి ఆపే నిర్ణయం అక్కడివాళ్లు వెంటనే తీసుకోలేకపోయారు. పైపర్ మీద చాలామంది బస గదుల్లో, ఎవరైనా ఏదైనా చెబుతారేమోనని ఎదురుచూస్తూ ఉండిపోయారు. 167 మంది చనిపోయారు.

2013 ఏప్రిల్ 17న టెక్సాస్‌లోని వెస్ట్ అనే చిన్న పట్టణంలో ఎరువుల గోదాము అంటుకుంది. కబురు అందిన 20 నిమిషాలకే లోపలున్న అమ్మోనియం నైట్రేట్ పేలింది. చనిపోయిన 15 మందిలో 12 మంది సాయానికి వెళ్లినవాళ్లే. అమెరికా రసాయన భద్రతా బోర్డు దర్యాప్తులో తేలిన లోపాల్లో ఇదొకటి: అక్కడ కమాండర్‌గా బాధ్యత తీసుకున్నవారంటూ ఎవరూ లేరు. 'ఇది ఆర్పే మంట కాదు, వెనక్కి రండి' అని చెప్పాల్సిన ఆ ఒక్క గొంతు లేదు. ఐసీఎస్ పుట్టిన దేశంలోనే, పుట్టిన నలభై ఏళ్ల తర్వాత జరిగిన సంగతి ఇది. పద్ధతి పుస్తకంలో ఉంటే సరిపోదు.

36 మీటలు

మన ఇంటి కథకు వద్దాం. 2020 మే 7, తెల్లవారుజామున మూడు గంటల వేళ. విశాఖ గోపాలపట్నం దగ్గర ఆర్ఆర్ వెంకటాపురం. లాక్‌డౌన్‌తో మూతపడి ఉన్న ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారంలోని ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. జనం నిద్రలో ఉక్కిరిబిక్కిరై లేచి, ఎటు పరుగెత్తాలో తెలియక రోడ్ల మీద పడిపోయారు. 12 మంది చనిపోయారు, వందల మంది ఆస్పత్రి పాలయ్యారు.

రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ ఆ ఏడాది జులైలో ఇచ్చిన నివేదికలో ఒక వివరం ఉంది. ఆ కర్మాగారంలో సైరన్ మోగించే మీటలు 36 చోట్ల ఉన్నాయి. ఒకటి గేటు దగ్గరే ఉంది. అయినా సైరన్ మోగలేదు.

స్టైరీన్ ఎందుకు వేడెక్కింది, దాన్ని అదుపులో ఉంచే రసాయనం ఎంత ఉంది, చల్లబరిచే యంత్రాల సంగతేమిటి అన్నవి ఇంజినీర్ల ప్రశ్నలు. కమిటీ వాటినీ వివరంగానే చూసింది. ఐసీఎస్ కళ్లతో చూస్తే మాత్రం ప్రశ్న చాలా చిన్నది: ఆ 36 మీటల్లో ఏదో ఒకటి నొక్కడం ఎవరి పని? అందరికీ అందేలా ఉన్నది ఎవరి బాధ్యతా కాకుండా పోవచ్చు. మీట గోడకు బిగించడం కష్టం కాదు, దానికో వేలు కేటాయించాలి.

లోపలున్న మనుషుల లెక్క సంగతి కూడా అంతే. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో పేలుడు జరిగి 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. చాలామంది బతుకుతెరువు కోసం ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. తమవాళ్లు ఉన్నారో పోయారో తెలియక కుటుంబాలు రోజుల తరబడి ఎదురుచూశాయి. ఇలాంటి చోట లోపల ఎంతమంది, ఎవరెవరు, ఎక్కడ అన్న జాబితా గేటు బయట కూడా ఒకటి ఉండటం ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు. రిజిస్టరు కాలిపోయే భవనంలోనే ఉంటే అది ఉన్నా లేనట్టే.

చట్టం ఏమంటుంది

భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత మన చట్టాలు మారాయి. 1989 నాటి ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నిబంధనల ప్రకారం, నిర్ణీత పరిమాణానికి మించి అలాంటి రసాయనాలున్న పరిశ్రమ ఆవరణ లోపలి అత్యవసర ప్రణాళిక రాసుకోవాలి. ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్ చేయాలి. ఆవరణ దాటిన ప్రమాదానికి ప్రణాళిక జిల్లా యంత్రాంగానిది, దాని డ్రిల్ ఏడాదికోసారి. 1996 నిబంధనలు కేంద్రం నుంచి స్థానిక స్థాయి దాకా క్రైసిస్ గ్రూపులు పెట్టమన్నాయి. జిల్లా గ్రూపుకు కలెక్టరు పెద్ద.

కాబట్టి మన ఫ్యాక్టరీల్లో సైట్ మెయిన్ కంట్రోలర్, ఇన్సిడెంట్ కంట్రోలర్ అన్న పేర్లు ఎప్పటినుంచో ఉన్నాయి. ఫైలూ ఉంది. తేడా ఎక్కడొస్తుందంటే, కంపెనీ ప్రణాళికలో ఒక భాష, అగ్నిమాపక శాఖకు ఇంకో భాష, జిల్లా యంత్రాంగానికి ఐఆర్ఎస్ భాష. అందరూ ఒకే అచ్చులోకి వస్తే, ఫైరింజను దిగిన అధికారి గేటు దగ్గర ఆరా తీస్తూ నిలబడక్కర్లేదు. కమాండర్ అని రాసిన జాకెట్ ఎవరి ఒంటి మీదుందో చూసి నేరుగా వాళ్ల దగ్గరికి వెళ్తారు. ఆపైన ఇద్దరూ ఒకే బల్ల దగ్గర నిలబడి ఒకే నిర్ణయం తీసుకుంటారు. మంట సంగతి ఫైర్ అధికారికి తెలుసు, ఆ ట్యాంకు సంగతి షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌కు తెలుసు. ఏ ఒక్కరు లేకపోయినా రెండోవారి తెలివి సగమే.

ఎక్కడ మొదలుపెట్టాలి

పెద్ద సాఫ్ట్‌వేర్లు, కన్సల్టెంట్లు తర్వాత. ముందు ఒక అట్టముక్క చాలు. దాని మీద మొదటి పది నిమిషాలు రాయండి. మనిషి పేరు కాదు, హోదా రాయండి. మనిషి సెలవు పెడతాడు, హోదా ప్రతి షిఫ్టులోనూ ఉంటుంది. లీకు చూసినవాడు మీట నొక్కాలి, ఎవరి అనుమతీ అక్కర్లేదు. షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ జాకెట్ తొడుక్కుని "కమాండ్ నాది" అని రేడియోలో చెప్పాలి. కంట్రోల్ రూమ్ ఆపరేటర్ పంపులు ఆపాలి. గార్డు 101కి ఫోను చేసి, గేటు తెరిచి, హాజరు జాబితాను అందరూ చేరాల్సిన అసెంబ్లీ పాయింటుకు పంపాలి. మేనేజరుకు ఫోను ఆ తర్వాతే.

ఆ అట్ట తెలుగులో ఉండాలి. పనివాళ్లలో ఒడియా, హిందీ మాట్లాడేవాళ్లుంటే ఆ భాషల్లోనూ ఉండాలి. రేడియోలో కోడ్ నంబర్లు వద్దు. "కోడ్ త్రీ" అంటే కాంట్రాక్టు మీద నిన్న చేరిన కుర్రాడికి ఏం తెలుస్తుంది? "టొలీన్ లీకు, పంప్ హౌస్, అందరూ తూర్పు గేటుకు" అంటే తెలుస్తుంది.

కమాండ్ పోస్టుకు రెండు చోట్లు ముందే చూసి పెట్టుకోవాలి. గాలి ఒక్కరోజు ఉన్నట్టు ఇంకోరోజు ఉండదు. విండ్‌సాక్ ఎటు ఊగుతోందో చూసి, గాలి వచ్చే వైపున్న చోటికి వెళ్లాలి. అసెంబ్లీ పాయింట్లకూ అదే లెక్క. ఒక్కటే ఉండి, గ్యాస్ అటే వస్తే, జనాన్ని మనమే తీసుకెళ్లి దానికి అప్పగించినట్టు.

ఇక డ్రిల్. చాలాచోట్ల అది ఎలా జరుగుతుందో అందరికీ తెలుసు. ముందురోజే నోటీసు వస్తుంది. ఉదయం పదకొండుకు, ఎండ ముదరకముందే సైరన్. ఇస్త్రీ చేసిన యూనిఫాంలు, స్ట్రెచరు మీద నవ్వు ఆపుకుంటున్న 'గాయపడిన' మనిషి, ఫొటోలు, సమోసా, టీ. రిజిస్టరులో 'సంతృప్తికరం'. ఇందులో తేలేది కెమెరా బాగా పనిచేస్తుందన్నది ఒక్కటే. ఆరు నెలలకు ఒకసారైనా సి షిఫ్టులో, మేనేజరు రాకుండా, చెప్పకుండా చేసి చూడాలి. తలలు లెక్కపెట్టడానికి ఎన్ని నిమిషాలు పట్టింది, ఆ లెక్క గేటు జాబితాతో కలిసిందా, ఎవరి రేడియో బ్యాటరీ అయిపోయింది, గాలి సిలిండర్ తొడుక్కోవడం ఎంతమందికి వచ్చు అన్నవి అప్పుడు తేలుతాయి. అయ్యాక పావుగంట కూర్చుని మాట్లాడుకోవాలి. తప్పు చేసినవాడి కోసం కాదు, తప్పు జరిగిన చోటు కోసం వెతకాలి. అక్కడ అందరికన్నా ముందు గార్డును, కాంట్రాక్టు కార్మికుణ్ని మాట్లాడనివ్వాలి. పెద్దలు ముందు మాట్లాడితే తర్వాత ఎవరూ మాట్లాడరు.

తప్పు సైరన్

ఇన్ని చేశాక కూడా ఈ పద్ధతి నిలబడుతుందా, ఫైల్లోకి వెళ్లిపోతుందా అన్నది ఒక రాత్రి తేలుతుంది. ఆ రాత్రి ప్రమాదమేమీ ఉండదు. గార్డుకు ఏదో వాసన తగులుతుంది. ఎవరినీ అడగకుండా మీట నొక్కుతాడు. పంపులు ఆగుతాయి, బ్యాచ్ పాడవుతుంది, జనం గేటుకు పరుగెత్తుతారు, ఫైరింజను వస్తుంది. తీరా చూస్తే లీకు లేదు. పక్క షెడ్డులో ఎవరో పెయింటు డబ్బా మూత తీసిపెట్టారు. లక్షల్లో నష్టం.

తెల్లారాక మేనేజరు ఆ గార్డును పిలుస్తాడు. "ఎవర్నడిగి కొట్టావు?" అంటే, ఆ ఒక్క ప్రశ్నతో అట్టలు, జాకెట్లు, శిక్షణ తరగతులు అన్నీ వృథా. ఆ కబురు మధ్యాహ్నానికి మూడు షిఫ్టులకూ పాకుతుంది. ఇక ఆ కర్మాగారంలో ఎవరికి ఏ వాసన తగిలినా "ఆగు, సార్‌ని అడిగి చెప్తాను" అన్నదే జవాబు.

అలా కాక, "వాసన వచ్చిందని కొట్టావు, మంచి పని చేశావు. మళ్లీ వచ్చినా అలాగే కొట్టు" అంటే, నిజంగా గ్యాస్కెట్ పోయిన రాత్రి మేనేజరు ఫోను ముందు మోగదు. సైరన్ మోగుతుంది. ఆ తర్వాతే ఆయన ఫోను మోగుతుంది. అవతలి గొంతు అనుమతి అడగదు. "సార్, సైరన్ కొట్టాం. టొలీన్ లీకు. కమాండ్ షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌ది. అందరూ తూర్పు గేటు దగ్గరున్నారు, లెక్క సరిపోయింది," అంటుంది.